సాలెపురుగు పెట్టెలో పిలవని చుట్టాలు

దూలానికో, కిటికీ మూలకో, గోడకు వ్రేలాడే పటం వెనుకనో బొటనవేలంత మట్టిగూడు అంటుకొని ఉండటం మన ఊళ్ళలో చూడనివారు అరుదు. సన్నని నడుము గల కందిరీగ ఒకటి తడిమట్టి ఉండలను నోట కరచుకొని వచ్చి ఆ గూడు కడుతుంది. ఏదో పురుగును మోసుకొని వచ్చి లోపల వేస్తుంది. మూతి మూసి వెళ్ళిపోతుంది. కొన్నాళ్ళకు ఆ మట్టికి రంధ్రం పడుతుంది. లోపలినుంచి వెలువడేది మాత్రం ఆ పురుగు కాదు, మరొక కందిరీగ. ఇది చూచిన మన పూర్వులు, బంధింపబడిన కీటకం భయంతో ఎల్లవేళలా భ్రమరాన్నే తలచుకొంటూ చివరకు భ్రమరంగానే మారిపోతుందని భావించి, దానికి భ్రమరకీట న్యాయమని పేరు పెట్టినారు. వేదాంతులకు అది జీవుడు పరమాత్మలో లీనమయ్యే తీరును చెప్పటానికి పనికివచ్చిన ఉపమానం. ఉపమానంగా దాని విలువ దానిదే. ఇక్కడ మనకు కావలసినది ఆ ఉపమానం వెనుక ఉన్న పరిశీలన. మూసిన గదిలోకి వెళ్ళినది ఒకటి, బయటికి వచ్చినది మరొకటి. ఈ పరిశీలన అక్షరాలా సత్యం. దానినుంచి తీసిన నిర్ణయమే తప్పు.

గూడు మూసిన మరునాడే చాకుమొనతో నెమ్మదిగా పెకలించి చూస్తే సంగతి తెలుస్తుంది. మన ఇళ్ళలో సాధారణంగా కనిపించే నల్లని, పసుపు కాళ్ళ కందిరీగ గూటిలో ఉండేవి గొంగళిపురుగులు కూడా కావు, చిన్న చిన్న సాలెపురుగులు. ఒక్కొక్క గదిలో అనేకం కుక్కి ఉంటవి. అవి చావలేదు, కదలలేవు. వాటిలో ఒకదాని పొట్టమీద బియ్యపు నూకవంటి తెల్లని గుడ్డు అంటుకొని ఉంటుంది. ఆ గుడ్డునుంచి వచ్చిన డింభకం సాలెపురుగులను ఒక్కటొక్కటిగా తిని, గూడు అల్లుకొని, కందిరీగగా మారి బయటికి వస్తుంది. కందిరీగలు సాలెపురుగులను చంపి గోడ రంధ్రాలకు మోసుకొనిపోయి, మట్టి మెత్తి, అందులో తమ సంతతిని ఉంచుతవని క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దిలోనే అరిస్టాటిల్ వ్రాసినాడు. చైనాలో కూడా మన న్యాయం వంటి నమ్మకమే ఉండేది. అక్కడి కందిరీగ గొంగళిపురుగును తెచ్చి దత్తత చేసుకొంటుందని చెప్పుకొనేవారు. క్రీ. శ. 456-536 మధ్య జీవించిన తావో హుంగ్ జింగ్ అనే వైద్య పండితుడు గూడు విప్పి చూచి, గుడ్డు కందిరీగదేననీ, గొంగళిపురుగు దాని బిడ్డకు ఆహారం మాత్రమేననీ తేల్చినాడు. చేసినదల్లా గూడు విప్పి చూడటమే. అయినా అంత చిన్న పని చేయటానికి అన్ని దేశాలలోను అంత కాలం పట్టింది.

ఐరోపాలో ఈ చిక్కు 17వ శతాబ్దిలో గాజు పాత్రలలో మళ్ళీ తలెత్తింది. హాలండు దేశంలోని మిడిల్‌బర్గ్‌లో యోహానెస్ గూడార్ట్ అనే చిత్రకారుడు గొంగళిపురుగులను పట్టి తెచ్చి, అవి ఏమవుతవో చూచి, ఆ దశలన్నింటినీ బొమ్మలు వేసేవాడు. ఒకే జాతి గొంగళిపురుగులలో కొన్నింటినుంచి సీతాకోక చిలుకలు, కొన్నింటినుంచి గుంపులుగా చిన్న ఈగలు వచ్చినవి. ఇతడు నిజాయితీపరుడు. చూచినది చూచినట్టే చిత్రించినాడు. అయితే ఒక్క పురుగుకే రెండు రకాల పుట్టుకలు సాధ్యమని అనుకొన్నాడు. 1668లో ఇటలీలో ఫ్రాంచెస్కో రెడి మాంసాన్ని కొన్ని పాత్రలలో తెరచి, కొన్నింటిలో గుడ్డకట్టి ఉంచి, ఈగ వ్రాలనిదే పురుగు పుట్టదని చూపిన తరువాత పండితుల ఆలోచన మారసాగింది. ఇంగ్లండులో మార్టిన్ లిస్టర్ అనే వైద్యుడు గూడార్ట్ గ్రంథాన్ని సవరించి 1682లో ఇంగ్లీషులో వెలువరించినాడు. ఈ లిస్టరే 1678లో ఇంగ్లండు సాలెపురుగులను గురించి మొట్టమొదటి శాస్త్రగ్రంథాన్ని వ్రాసిన మనిషి. ఆ రోజులలో సాలెపురుగులను పరిశీలించేవారికీ, పురుగులోంచి ఈగ వచ్చే చిక్కును విప్పేవారికీ మధ్య పెద్ద దూరం లేదు.

సాలెపురుగును పెట్టెలో పెంచటం తక్కిన పురుగులను పెంచటం వంటిది కాదు. సీతాకోక చిలుక కొన్ని వారాలలో తన కథ ముగిస్తుంది. టారంటులా అనే పెద్ద సాలెపురుగుల ఆడవి 20 ఏళ్ళకు పైగా బ్రతుకుతవి. అడవిలో ఉన్నప్పుడు దాని శరీరంలో చేరిన శత్రువు ఏళ్ళ తరబడి ఏ గుర్తూ చూపకుండా దాగి ఉండి, ఒక ఉదయం బయటపడవచ్చు. పెట్టె మూత బిగించే ఉన్నది, కన్నమేదీ లేదు, అయినా లోపల సాలెపురుగుకు బదులుగా ఖాళీ తోలు, దాని ప్రక్కన ఒక ఈగ! అటువంటి ఉదయాన పెంచినవాడు చేయగల పనులు రెండే. పెట్టె కడిగి పారవేయటం ఒకటి, కూర్చుండి లోపలికి చూడటం ఒకటి.

రెండవ పని చేసినవారిలో ఆంటన్ మెంగే ఒకడు. ఇతడు బాల్టిక్ సముద్రతీరాన ఆనాటి డాంట్సిగ్ పట్టణంలో పాఠశాల ఉపాధ్యాయుడు. పాఠాలు చెప్పి వచ్చి మిగిలిన వేళలలో సాలెపురుగులను సేకరించి, పెంచి, వాటి జీవన విధానాన్ని గమనించి, ప్రష్యా దేశపు సాలెపురుగులను గురించి 1866లో ఒక పెద్ద గ్రంథాన్ని ప్రచురింప మొదలుపెట్టినాడు. ఆకు మడతలలో నివసించే ఒక సాలెపురుగునుంచి చిన్న తల, ఉబ్బిన వీపు, గుండ్రని పొట్టగల వింత ఈగ ఒకటి వెలువడినట్లు ఇతడు నమోదు చేసినాడు. ఆ ఈగను పువ్వులమీద, కొమ్మలమీద చూచినవారు అంతకు ముందూ ఉన్నారు. దాని బాల్యం ఎక్కడ గడుస్తుందో మాత్రం తెలియదు. తెలియకపోవటానికి కారణం స్పష్టమే. దానిని వెదకవలసిన చోటు పొదలలో కాదు, సాలెపురుగు పొట్టలో.

ఇంతకంటె చిత్రమైన కథ వియన్నా నగరంలో జరిగింది. మాంటిస్పా అనే ఒక కీటకం ఉన్నది. ముందు కాళ్ళు చూస్తే గొల్లభామ జాతివాటిలో వేటాడే దానివలె, దువ్వెనవంటి ముళ్ళతో మడిచి ఉంటవి. రెక్కలు చూస్తే సన్నని జాలీ పని. దాని డింభకం ఏమి తిని పెరుగుతుందో ఎవరికీ తెలియదు. 1852లో ఫ్రీడ్రిక్ బ్రావర్ అనే 20 ఏళ్ళ యువకుడు దాని గుడ్లను, వాటినుంచి వచ్చిన డింభకాలను వర్ణించినాడు. సన్నని కాడల మీద నిలిచిన గుడ్లనుంచి దారపు ముక్కలంత చురుకైన పిల్లలు వచ్చినవి. కాని అవి ఏమి పెట్టినా తినవు! కథ అక్కడ ఆగిపోయింది. 1862లో అదే నగరానికి చెందిన రోగెన్‌హోఫర్ సాలెపురుగు గుడ్ల సంచిలో మాంటిస్పాను కనుగొన్నాడు. సంచి సాలెపురుగుది, లోపలివాడు పరాయివాడు.

బ్రావర్ ఈ ఆధారాన్ని పట్టుకొన్నాడు. మళ్ళీ గుడ్లను సంపాదించి పొదిగించినాడు. పిల్లలు చలికాలమంతా ఆహారం లేకుండానే గడిపినవి. వసంతకాలం రాగానే వాటి ముందు సాలెపురుగు గుడ్ల సంచులను ఉంచినాడు. అంతవరకు దేనినీ ముట్టనివి వెంటనే సంచి గోడను తొలుచుకొని లోపలికి దూరినవి. లోపల గుడ్ల సారాన్ని పీల్చి, కాళ్ళు కుదించుకొనిపోయిన లావుపాటి పురుగులుగా మారినవి. ఆ సంచిలోనే మరొక పట్టుగూడు అల్లుకొని ప్యూపా దశను గడిపినవి. ఈ వృత్తాంతాన్ని ఇతడు 1869లో ప్రకటించినాడు. మొదటి చూపునుంచి ముగింపు వరకు 17 ఏళ్ళు. పురుగు ఏమి తింటుందో కనుక్కోవటానికి 17 ఏళ్ళా అని పిల్లలు నవ్వవచ్చు. చలికాలం పొడుగునా ఆకలితో వేచిన ఆ డింభకాలకు దీటైన ఓపిక ఆ మనిషిది.

ఇందులో మరొక విశేషం ఉన్నది. తన గుడ్ల సంచిని తల్లి సాలెపురుగు ప్రాణంకంటె మిన్నగా కాపాడుకొంటుంది. లోపల తన పిల్లలు లేవనీ, వాటిని తిన్న పరాయివాడు పెరుగుతున్నాడనీ దానికి తెలియదు. కోకిల పిల్లను పెంచే కాకి కథకు ఇది జోడు. 1985లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో రెడ్‌బోర్గ్, మక్లోడ్ అనే ఇద్దరు ఇంకొక మాంటిస్పా జాతిని గురించి విపులంగా ప్రచురించినారు. దాని పిల్లలు సంచి కోసం వెదకుతూ తిరగవు. నేరుగా సాలెపురుగు మీదికే ఎక్కి, దాని శరీరాన్ని అంటిపెట్టుకొని, కొద్ది కొద్దిగా రక్తం పీలుస్తూ కాలక్షేపం చేస్తవి. అది గుడ్లు పెట్టి సంచి అల్లే సమయంలో లోపలికి జారుకొంటవి. పొరపాటున మగ సాలెపురుగు మీద ఎక్కితే జతకట్టే సమయంలో ఆడదాని మీదికి మారగలవు. బండి తప్పు ఎక్కిన ప్రయాణికుడు జంక్షనులో మారినట్లు!

మెంగే చూచిన చిన్నతల ఈగ సంగతికి మళ్ళీ వద్దాం. బ్రావర్ 1869లోనే కార్ఫూ ద్వీపపు సాలెపురుగు ఒకదానినుంచి అదే కుటుంబపు ఈగ వచ్చినట్లు వ్రాసినాడు. ఆ సాలెపురుగు నేలలో గుంత త్రవ్వుకొని, దానికి కీలు తలుపు వంటి మూత పెట్టుకొని జీవించే రకం. తలుపు వేసుకొని కూర్చున్నదాని ఒంట్లోకి ఈగ ఎట్లా వచ్చింది? ఈ ప్రశ్నకు పూర్తి సమాధానం చెప్పటానికి ఇంకొక వంద సంవత్సరాలు పట్టింది. 1916లో అమెరికాలో కింగ్ అనే పరిశోధకుడు ఆ కుటుంబంలోని ఒక జాతి ఈగ జీవితచరిత్రను గ్రంథస్థం చేసినాడు. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో కాలిఫోర్నియాలో ఎవర్ట్ ష్లింగర్ తన జీవితంలో పెద్ద భాగాన్ని ఈ ఈగలకే అర్పించినాడు.

ఇప్పుడు తెలిసిన కథ ఇది. తల్లి ఈగకు సాలెపురుగుతో పనే లేదు. దాని దరిదాపులకు కూడా పోదు. ఎండుకొమ్మలమీద, గడ్డిపోచలమీద వందలు వేలుగా గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. గుడ్డునుంచి వచ్చిన పిల్ల కంటికి ఆననంత చిన్నది. అది జలగవలె ఒళ్ళు ముడుస్తూ చాస్తూ నడుస్తుంది, అవసరమైతే గంతు వేస్తుంది. సాలెపురుగు కాలు తగిలితే పట్టుకొని పైకి ప్రాకి, కీళ్ళవద్ద ఉండే మెత్తని పొరను తొలుచుకొని లోపలికి పోతుంది. లెక్కకు మిక్కిలి పిల్లలలో ఈ అదృష్టం పట్టేది ఏ కొద్దివాటికో. మిగిలినవన్నీ ఎండి చస్తవి. తల్లి అన్ని గుడ్లు పెట్టటానికి కారణం అదే.

లోపలికి పోయిన పిల్లకు మొదటి సమస్య గాలి. సాలెపురుగు పొట్ట అడుగున పుస్తకంలోని కాగితాలవలె పొరలు పొరలుగా అమరిన ఊపిరితిత్తులు ఉంటవి. బయటి గాలి అక్కడికి నేరుగా వస్తుంది. డింభకం అక్కడికి చేరుకొని తన వెనుక భాగంలోని శ్వాసరంధ్రాలను ఆ పొరలకు ఆనించి, ఇంటివాడి కిటికీలోంచే తానూ గాలి పీల్చుకొంటూ కూర్చుంటుంది. చిన్న సాలెపురుగులో ఈ నిరీక్షణ నెలలలో ముగుస్తుంది. దీర్ఘాయువుగల పెద్ద జాతులలో ఏళ్ళు గడుస్తవి. ఆ సాలెపురుగు తింటుంది, తిరుగుతుంది, కుబుసం విడుస్తుంది, ఏ జబ్బూ ఉన్నట్లు కనబడదు. అది బాగా ఎదిగిన తరువాత డింభకం మేలుకొంటుంది. కొద్ది రోజులలోనే లోపలి అవయవాలను తినివేస్తుంది. చివరి ఘడియలలో సాలెపురుగు కుబుసం విడవబోయే ముందు అల్లే పరుపువంటి గూడును అల్లటం పరిశోధకులు చూచినారు. డింభకం బయటికి వచ్చి ఆ గూటిలోనే ప్యూపాగా మారుతుంది. తనను తిన్నవాడికి పడక కూడా పరచిపోవటమన్న మాట!

పెంచేవాడి పొరపాటు ఇందులో ఏమీ లేదని ఉపాధ్యాయులు గమనించవలసి ఉన్నది. అడవినుంచి పట్టి తెచ్చిన సాలెపురుగుతో పాటే ఆ అతిథి వచ్చింది. పెట్టెలో గుడ్డునుంచి పొదిగి పెరిగిన సాలెపురుగుకు ఈ గండం ఉండదు.

పెట్టెలోకి శత్రువును తానే తెచ్చి వదలిన పరిశోధకుడు కూడా ఒకడున్నాడు. రష్యాలో పుట్టి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన అలెగ్జాండర్ పెట్రుంకెవిచ్, పోర్టోరికో ద్వీపపు టారంటులాను, దానిని వేటాడే పెద్ద కందిరీగను ఎదురెదురుగా ఉంచి ఏమి జరుగునో గమనించినాడు. ఈ పరిశీలనలను 1926లో ఒక శాస్త్రపత్రికలోను, 1952లో సామాన్య పాఠకులకు ‘సైంటిఫిక్ అమెరికన్’లోను వ్రాసినాడు. ఒంటిమీద వెంట్రుక కదిలితేనే మీదికి దూకే ఆ సాలెపురుగు, ఈ కందిరీగ తన ఒళ్ళంతా తడిమి చూస్తుంటే ఊరక నిలబడి ఉంటుంది. కందిరీగ ఇది తనకు కావలసిన జాతేనని నిర్ధారణ చేసుకొని, ప్రక్కనే గొయ్యి త్రవ్వి, తిరిగి వచ్చి కాలిమొదట మెత్తని పొరలో కాటువేస్తుంది. కదలిక ఉడిగిన సాలెపురుగును గోతిలోకి లాగి, పొట్టమీద ఒకే ఒక్క గుడ్డు పెట్టి పూడ్చివేస్తుంది. ఆ కందిరీగను తన బలంతో క్షణంలో నలిపివేయగల జంతువు అంతసేపు ఎందుకు ఊరకున్నదన్నదే పెట్రుంకెవిచ్‌ను వేధించిన ప్రశ్న.

ఇంతవరకు చెప్పినవి ప్రాణాంతకులైన చుట్టాలు. పెట్టెలో చాలాసార్లు కనిపించేవి ఇవి కావు. పిండి చల్లినట్లు తెల్లగా కదిలే చుక్కలు. ఆంగ్లంలో మైట్లు అనేవాటినే మన వ్యవసాయ శాఖవారు నల్లులు అంటారు. మంచపు నల్లికి దీనికి చుట్టరికం లేదు. ఇవి ఎనిమిది కాళ్ళ జీవులు, సాలెపురుగుకే దూరపు బంధువులు. ఇవి కూడా పరిశోధకులను చాలా కాలం తికమక పెట్టినవి. కీటకాల ఒంటికి అంటుకొని కనిపించే, నోరు లేని, పొట్ట చివర చూషకాలుగల ఒక చిన్న జీవిని 19వ శతాబ్ది మొదటి భాగంలో ‘హైపోపస్’ అనే ప్రత్యేక ప్రజాతిగా లెక్కవేసినారు. నోరు లేని జీవి ఏమి తిని బ్రతుకుతుంది? 1868లో జెనీవాకు చెందిన క్లాపరేడ్ అది వేరే జీవి కాదనీ, జున్ను, పిండి మొదలైనవాటిలో ఉండే మామూలు మైటు జాతిదేననీ చూపినాడు. అయితే అది మగది కాబోలునని పొరపడినాడు. కొద్ది ఏళ్ళకే ఫ్రెంచి సైన్యంలో పశువైద్యుడైన మెన్యాఁ, అది ఎదుగుదల నడుమ వచ్చే ఒక ప్రయాణ దశ అని నిర్ణయించినాడు. పరిస్థితులు ఎండిపోయి బాగుండనప్పుడే ఈ దశ వస్తుందని అతని అభిప్రాయం. 1884లో ఇంగ్లండులో ఆల్బర్ట్ మైకేల్ వీటిని చిన్న గాజు గదులలో పెంచి చూచి, ప్రయాణ దశ అన్నమాట నిజమే కాని, ఎండటమే దానికి కారణమన్నది సరికాదని వాదించినాడు. ఇతడు వృత్తిచేత న్యాయవాది. సాక్ష్యాన్ని పరీక్షించే అలవాటు ఇక్కడా పనికివచ్చింది.

కనుక సాలెపురుగు ఒంటికి అంటుకొన్న తెల్ల చుక్కలన్నీ దాని రక్తం త్రాగేవి కావు. నోరే లేనిది రక్తం ఎట్లా త్రాగుతుంది? అవి బండి ఎక్కిన ప్రయాణికులు మాత్రమే. తిని పారవేసిన కీచురాయి తునకలు కుళ్ళుతూ, అడుగున మట్టి తడిగా ఉన్నచోట దిగి, ఎదిగి, వేలకు వేలు అవుతవి. అప్పుడు సాలెపురుగు నోటివద్ద, ఊపిరితిత్తుల వద్ద మూగి బాధపెట్టవచ్చు.

20వ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఐరోపా, అమెరికా దేశాలలో టారంటులాలను ఇళ్ళలో పెంచటం వేలమందికి అలవాటైంది. ప్రయోగశాల పెట్టె పడక గదిలోకి వచ్చింది. దానితో పాటు ఈ చుట్టాలూ వచ్చినవి. పురుగు కనబడగానే మందు చల్లటం మనిషికి మొదట తోచే పని. ఇక్కడ అది ఘోరమైన తప్పు. కీటకాలను చంపే మందు సాలెపురుగునూ చంపుతుంది. అనుభవం మీద పెంపకందారులు నేర్చుకొన్న పద్ధతి చాలా సాదా. సాలెపురుగును శుభ్రమైన పెట్టెలోకి మార్చటం, పాత మట్టిని పారవేయటం, నీటి గిన్నె ఉంచి నేలను పొడిగా ఉంచటం, తినగా మిగిలినదాన్ని మరునాడే పట్టకారుతో తీసివేయటం. కుబుసం విడిచేవేళ బ్రతికి ఉన్న కీచురాయిని పెట్టెలో వదలివేస్తే ఆహారమే వేటగాడవుతుంది. వెల్లకిల పడుకొని, మెత్తని ఒంటితో, కదలలేక ఉన్న సాలెపురుగును కీచురాయి కొరికి చంపిన ఉదాహరణలు పెంచేవారందరికీ తెలుసు. మైట్లకు విరుగుడుగా కొందరు కొల్లెంబొలా అనే గెంతుపురుగులను కోరి తెచ్చి మట్టిలో వదలుతారు. అవి బూజును, కుళ్ళును తిని మైట్లకు తిండి లేకుండా చేస్తవి. పిలవని చుట్టాన్ని పంపటానికి పిలిచిన చుట్టం!

వంటింటి పండ్లమీద ముసిరేవాటికంటె చిన్నవైన, ఎగరటంకంటె పరుగెత్తటానికే ఇష్టపడే మూపురపు ఈగలు కొన్ని ఉన్నవి. వాటిలో ఒక జాతి లోకమంతటా వ్యాపించింది. అది చచ్చినదానినీ తింటుంది, గాయపడి బ్రతికి ఉన్నదానినీ తింటుంది. టారంటులాలలో దాని డింభకాలు పెరగటం పెట్టెలలోనే కాక మెక్సికో దేశపు ఆరుబయట కూడా గమనించినారు. అందుచేత చచ్చిన సాలెపురుగులో ఈగపిల్లలు కనబడగానే చంపినది అవేనని తేల్చటానికి వీలులేదు. ముందు చచ్చి తరువాత పట్టినవా, పట్టినందుకు చచ్చిందా అన్నది ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న. భ్రమరకీట న్యాయంలో జరిగిన పొరపాటు ఇక్కడ మరొక రూపంలో పొంచి ఉన్నది.

ఇటీవలి ఉదాహరణ ఒకటి ఈ జాగ్రత్తకు తగినది. కాలిఫోర్నియాలో టారంటులాలు తిండి మాని, నోటివద్ద తెల్లని జిగురు చేరి, కృశించి చనిపోవటం పెంపకందారులు చూచినారు. ఆ తెల్లని పదార్థం కుళ్ళు కాదు. సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని నులిపురుగుల గుంపు. రివర్‌సైడ్‌లోని విశ్వవిద్యాలయంలో ఏడ్లర్ డిల్మన్ బృందం దానిని పరిశీలించి 2022లో కొత్త జాతిగా వర్ణించింది. 1990లో వచ్చిన సాలెపురుగుల చలనచిత్రంలో నటించిన జెఫ్ డేనియల్స్ పేరు మీద దానికి టారంటోబెలస్ జెఫ్‌డేనియల్సై అని నామకరణం చేసినారు. దాని ఆయువు సుమారు 11 రోజులు. ఆ లోపల ఒక్కొక్కటి 160 వరకు పిల్లలను కంటుంది. అవి నోటిచుట్టూ చేరిన తరువాత సాలెపురుగు ఆహారాన్ని అందుకొనే చిన్న కాళ్ళు, కోరలు పట్టు తప్పుతవి. అసలే అరుదుగా తినే జంతువు కనుక ఆకలితో చనిపోవటానికి నెలలు పడుతుంది. ఆ పురుగు సాలెపురుగునే తింటుందా, దాని నోటిలోని బాక్టీరియాను తింటుందా అన్న ప్రశ్నను పరిశోధకులు అప్పుడు తేల్చలేదు. ప్రయోగశాలలో మాత్రం బాక్టీరియా మీద అది చక్కగా పెరిగింది. అడవిలో ఒంటరిగా ఒక్కొక్క గుంతలో బ్రతికే జంతువులను వందల పెట్టెలలో ప్రక్క ప్రక్కన పేర్చి, ఒకే పట్టకారుతో అన్నింటికీ మేత వేసేచోట ఇటువంటి వ్యాధి ఎంత తేలికగా పాకునో ఊహించవచ్చు. కొత్తగా వచ్చినదానిని కొంతకాలం వేరుగా ఉంచటం, పనిముట్లను వేరు చేయటం అందుకే అవసరమైంది.

పిలవని చుట్టాలన్నీ చెడ్డవని మాత్రం అనుకోరాదు. పెరూ దేశపు అడవులలో టారంటులా గుంతలో చిన్న కప్ప ఒకటి కాపురం ఉంటుందని 1989లో కాక్రాఫ్ట్, హాంబ్లర్ అనేవారు వ్రాసినారు. సాలెపురుగు ఆ కప్పను పట్టుకొంటుంది, నోటితో తడిమి చూస్తుంది, వదలివేస్తుంది. అంత పరిమాణంగల వేరొక ప్రాణి అయితే ఆహారమయ్యేది. కప్పకు రక్షణ దొరుకుతుంది. కప్ప చీమలను తింటుంది కనుక సాలెపురుగు గుడ్లకు చీమల బెడద తగ్గుతుందని ఒక ఊహ. 2008లో దక్షిణ భారతంలోను, 2009లో శ్రీలంకలోను ఇటువంటి సహవాసాలనే గమనించి ప్రకటించినారు. శ్రీలంకలో అది చెట్టు తొర్రలో నివసించే పోసిలోథీరియా ప్రజాతి సాలెపురుగుతో.

ఈ పోసిలోథీరియా మన ప్రాంతానికి కొత్తది కాదు. అందులో అతిసుందరమైన జాతి మనదే. ఒళ్ళంతా మెరిసే నీలం, కాళ్ళమీద పసుపు మచ్చలు. 1899లో లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు చెందిన పోకాక్ దీనిని మొదట వర్ణించినాడు. ఆ నమూనా దొరికిన చోటు అడవి కాదు, అనంతపురం సీమలోని గుత్తి రైల్వే స్టేషనులో కలప నిలవచేసే ఆవరణ. దుంగ తొర్రలో కూర్చుండి ఎక్కడినుంచో రైలులో దిగిన పిలవని చుట్టమది. తరువాత వంద సంవత్సరాలు దాని జాడ తెలియలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. దాని నివాసం 100 చదరపు కిలోమీటర్లకు లోపేనని, అదీ కట్టెల నరుకుడువల్ల చెదరిపోతున్నదని 2008లో తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చినారు. అయినా అప్పటికే అది ఐరోపా, అమెరికా పెంపకందారుల గాజు పెట్టెలకు చేరి పిల్లలను పెట్టసాగింది. అక్కడ దాని వ్యాపారనామంలో కూడా గుత్తి పేరే ఉన్నది. 2019లో పోసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపారంపై అదుపు విధించే ఒడంబడిక పట్టికలో చేర్చినారు.

నల్లమల చెట్టు తొర్రలో ఏ కప్పతో, ఏ ఈగతో, ఏ కందిరీగతో దానికి లంకె ఉన్నదో గాజు పెట్టెను చూచి చెప్పలేము. గుడ్డునుంచి పెట్టెలోనే పెరిగినదానికి అడవి చుట్టాలు ఉండవు. దాని పెట్టెలో కనిపించే తెల్ల చుక్క ఊరి కీచురాళ్ళతో వచ్చిన మైటు, లేదా మట్టితో వచ్చిన గెంతుపురుగు. భూతద్దం క్రింద పెట్టి సూదిమొనతో ముట్టుకొంటే తెలుస్తుంది. గెంతితే గెంతుపురుగు. నెమ్మదిగా ప్రాకి, ఎనిమిది కాళ్ళు లెక్కకు వస్తే మైటు. కాళ్ళే లేక మెలికలు తిరిగితే దానిని చిన్న సీసాలో వేసి, దూది బిరడా పెట్టి, తేదీ వ్రాసి ఉంచవలసి ఉంటుంది.